వేసినవాడికీ తీయరాని గడియ

రుద్రవరం ఎస్సీ కాలనీ నుంచి కృపావరం రోజూ ఆళ్లగడ్డకు ఆటోలో వచ్చి, అక్కడ నంద్యాల బస్సెక్కేవాడు. మహానందయ్య స్కానింగ్ సెంటర్లో కంప్యూటర్లు చూసుకోవడం అతని పని. నంద్యాలలో ఒకటి, ఆళ్లగడ్డలో ఒకటి, రెండు సెంటర్ల రిపోర్టులూ ఒకే సర్వర్లో ఉండేవి. గర్భసంచిలో గడ్డలు, నిలవని కడుపులు, మొగుడికి కూడా చెప్పుకోలేని జబ్బులు. ఇన్ని ఊళ్ల ఆడవాళ్ల గుట్టు ఆ ఇనప డబ్బాలో ఉందని అక్కడ గుర్తుపెట్టుకున్నవాడు అతనొక్కడే.

సర్వర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్‌కు నడిమధ్య కెర్నల్ అని ఒకటుంటుంది. అందులోకి దూరినవాడికి మిగతా తలుపులన్నీ తెరిచి పెట్టినట్టే. అందుకే సర్వర్ నడుస్తున్నంతసేపూ కెర్నల్‌లోకి ఎవరూ కొత్త ప్రోగ్రాం ముక్క ఎక్కించకుండా కృపావరం గడియ వేశాడు. ఆ గడియ ఒకసారి పడితే వేసినవాడు కూడా తీయలేడు. అతను రాసిపెట్టిన లైను చెరిపేసి, సర్వర్ ఆపి మళ్లీ లేపాల్సిందే.

ఒకనాడు మహానందయ్య బామ్మర్ది భరణి, చవగ్గా దొరికిందని వేలిముద్రల హాజరు మిషన్ ఒకటి తెచ్చాడు. దాన్ని సర్వర్‌తో పనిచేయించే ప్రోగ్రాం, డ్రైవర్ అంటారు, కెర్నల్‌లోకి ఎక్కాలి. ఎక్కించబోతే అనుమతి లేదని తెర మీద వచ్చింది.

"ఎవురికప్పా అనుమతి ల్యాకుండేది? ఈ సెంటర్ ఎవురిది?" అన్నాడు భరణి.

"సర్వర్‌కు అందరూ ఒకటేనన్నా. నాకూ లేదు. ఆ డ్రైవర్ ఎవురు రాసినారో, యాడ రాసినారో తెలీదు."

"డ్రైవర్ ఎవురైతే నీకేం? బండి పోతే సాలదా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సంగతి మహానందయ్య గదికి చేరింది. "మా దానికి మాకే తాళమేస్తాండావా?" అన్నాడాయన.

అంతకుముందు ఒకసారి ఆయన ఇంట్లో వైఫై బాగుచేయడానికి పోయినప్పుడు కృపావరాన్ని వరండాలోనే నిలబెట్టి, వైరు మాత్రం పనిమనిషి చేత లోపలికి పంపించారు. ఎందుకని అతను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. కారణం లేని ఆ అడ్డు వాళ్లకు ఆచారం. కారణం ఉన్న అతని అడ్డు పొగరు.

"తీస్తా సార్. తీయమన్నది మీరేనని ఒక కాగితం మీద రాసియ్యండి," అన్నాడు కృపావరం.

కాగితం రాలేదు. సాయంత్రానికి రేపట్నుంచి రావద్దని కబురొచ్చింది. పాస్‌వర్డ్ ఇచ్చి పొమ్మంటే ఇచ్చాడు. సర్వర్లోంచి తన లాగిన్ పేరు తీసేయమని భరణికి రెండుసార్లు చెప్పాడు. అతని స్థానంలో వచ్చిన అజయ్ కుమార్ కొత్త పేరు పెట్టుకునే ఓపిక లేక కృపావరం పేరుతోనే లోపలికి పోయి, ఆ లైను చెరిపి, సర్వర్ ఆపి లేపి గడియ తీశాడు, డ్రైవర్ ఎక్కించాడు. మనిషిని గేటు బయట పెట్టి, పేరును లోపలే వాడుకున్నారు.

మూడు నెలలకు ఆడవాళ్ల రిపోర్టులు ఫోన్లలో తిరగడం మొదలైంది. ఆళ్లగడ్డ దగ్గర ఒకామెను, ఆమె రిపోర్టు చూసిన అత్తింటివాళ్లు పుట్టింట్లో వదిలేసి పోయారు. స్టేషన్ నుంచి పిలుపు మాత్రం రుద్రవరానికి వచ్చింది.

ఎస్సై ముందు కృపావరం మొదటినుంచి అంతా చెప్పుకొచ్చాడు. ఆయన ఓపిగ్గానే విన్నాడు. ఆయనకు మాత్రం ఆ మాటలు అతకలేదు.

"సెంటరోళ్లు ఇచ్చిన లెక్కలో గడియ తీసింది నీ పేరు మీదనే ఉంది. నువ్వే వేసినావు, నీకే తీయరాదంటావు. రాసిమ్మని అడిగినానంటావు. యాడుంది కాగితం?"

"ఇచ్చింటే నేను ఈపొద్దు ఆడ పనిలో ఉండేవాన్ని సార్. ఆ సర్వర్ తెప్పించి చూడండి. నన్ను పొమ్మన్నాక ఏ పొద్దు నా పేరుతో లోపలికొచ్చినారో దాంట్లో ఉంటాది."

అది పాడైపోతే పోయిన వారమే పారేశామని రాసిన కాగితం భరణి తెచ్చిచ్చాడట. ఎస్సై ఆ కాగితం తీసి చూపించాడు. సెంటర్ ముద్ర, కింద మహానందయ్య సంతకం. అడిగినప్పుడు ఒక్క లైను రాయని చెయ్యి, ఇప్పుడు అడక్కుండానే పేజీ నింపింది.

"రిపోర్టులు బయటికొచ్చినాకనే సర్వర్ పారేసినారు. ఆ తేదీ నా వాంగ్మూలంలో కూడా రాసుకోండి సార్," అన్నాడు కృపావరం.

ఎస్సై పెన్నుకు మూత పెట్టాడు.