రామక్క చూడని ఎడారి

రామక్క యాత్రకు పోతోందని తెలియగానే ఊరు అడిగిన మొదటి ప్రశ్న, "ఏ దేవుడు?"

"దేవుడు కాదు. ఎడారి" అంది రామక్క.

చౌడేపల్లె పక్కన ఆ పల్లె చిన్నదే గాని, యాత్రల విషయంలో దాని అనుభవం చిన్నది కాదు. తిరుమల కొండ మోకాళ్ల మీద ఎక్కినవాళ్లున్నారు. కాశీకి పోయి కాకరకాయ వదిలేసి వచ్చినవాళ్లున్నారు. వాళ్లు అంతకుముందు కూడా కాకరకాయ ముట్టేవాళ్లు కారన్నది వేరే సంగతి. కాని మొక్కు లేకుండా, తీర్థం లేకుండా, ఉత్త ఇసుక చూడ్డానికి ఒక ఆడమనిషి అంత దూరం పోవడం ఊరి చరిత్రలో లేదు. ఊరు కాసేపు ఆలోచించి, ఎడారి అన్నది ఉత్తరాదిన వెలసిన ఏదో అమ్మవారై ఉంటుందని సర్దుకుంది. పక్కింటి ముత్యాలమ్మ పసుపు పూసిన టెంకాయ తెచ్చి రామక్క చేతిలో పెట్టింది.

"నా పేరన ఇది కొట్టు మే. మోకాళ్ల నొప్పులు తగ్గల్లని సెప్పు."

"ఎవురికి సెప్పేది?"

"ఆ ఎడారమ్మకే."

మొక్కు టెంకాయను వద్దనే ధైర్యం ఆ చుట్టుపక్కల ఇంతవరకు ఎవరికీ రాలేదు. రామక్కకూ రాలేదు. సంచిలో వేసుకుంది.

ఇంతకూ ఈ ప్రయాణానికి మూలపురుషుడు రామక్క మరిది దేవప్ప. దేవప్ప చెడ్డవాడేమీ కాడు, వరసగా బోర్లు ఎండిపోయినవాడు. చివరిసారి వేయించిన బోరులోంచి నీళ్లకు బదులు తెల్లటి దుమ్ము లేచి, చూడ్డానికి వచ్చిన వాళ్లందరినీ ముసలివాళ్లను చేసి పోయింది. ఆ రోజు నుంచి ఆయన నోట ఒకటే మాట: "ఇది సేను కాదు వదినా, ఎడారి. అమ్మేద్దాం." బెంగుళూరు కంపెనీ ఒకటి ఆ మెట్టను ప్లాట్లుగా కోసి అమ్ముకుంటానని వచ్చింది. దేవప్ప సంతకానికి సిద్ధం. రామక్క మొగుడు నల్లప్ప కూడా సిద్ధమే. ఎవరు చివర మాట్లాడితే వాళ్ల మాటే నిజమని నమ్మే శాంతమూర్తి ఆయన. చిక్కల్లా సగం చేను రామక్క పేర ఉండడం. కుప్పం నుంచి కాపురానికి వస్తూ ఆమె పుట్టింటి ఆవులను వెంట తోలుకొచ్చింది. ఆవులున్న మనిషికి మేపుకునే నేల కూడా ఉండాలని మామ పోతూ పోతూ రాసిపోయాడు.

అవి పుంగనూరు పొట్టి ఆవులు. ఈమధ్య నగరాల్లో వాటికి మహాయోగం పట్టింది. హాల్లో సోఫా పక్కన కట్టేసుకుని వచ్చినవాళ్లకు చూపిస్తున్నారు. రామక్క ఆవులకు ఇంకా ఆ యోగం పట్టక ఆ మెట్ట మీదే రాళ్ల సందున మొలిచిన గడ్డి కొరుక్కుంటున్నాయి. మెట్ట పోతే గడ్డి పోతుంది, గడ్డి పోతే ఆవులు పోతాయి, ఆవులు పోతే రామక్కకు తెల్లారి లేవడానికి కారణం ఉండదు. ఇది ఆమెకు తెలుసు. సభాముఖంగా ఎలా చెప్పాలో తెలియదు.

పెద్దమనుషులు కూర్చున్న రోజు దేవప్ప మళ్లీ ఎడారి అన్నాడు.

"ఎడారి, ఎడారి అంటాండావు, నువ్వు సూసినావా అప్పా?" అని అడిగింది రామక్క.

"నేను యాడ సూసేది?"

"ఈడుండే వాళ్లలో ఎవురన్నా సూసినారా?"

ఎవరూ చూడలేదు. నల్లప్ప కూడా చూడలేదని ఒప్పుకున్నాడు.

"అయితే నేను పోయి సూసొస్తా. నా కండ్లతో ఎడారి సూసినాక, ఇది కూడా అట్లే ఉండాదంటే, మర్నాడే సంతకం పెడతా."

దేవప్ప నవ్వి సరేనన్నాడు. వదిన అనంతపురం దాటదని ఆయన నమ్మకం. రామక్క మాత్రం పుంగనూరు బస్టాండు గోడ మీద "చారిత్రక నగరాలు, పర్వతాలు, ఎడారి, మన తెలుగు భోజనంతో" అన్న పోస్టరును అప్పటికే కంఠతా పట్టి ఉంది. హైదరాబాదు పెద్దమనిషి ఒకాయన హాల్లోకి ఒక దూడ కావాలని కొనుక్కుపోతే, దాని డబ్బు టికెట్టుకు సరిపోయింది.

బస్సు కుప్పంలో బయల్దేరి, పుంగనూరులో రామక్కను ఎక్కించుకుని, మదనపల్లెలో మిగతావాళ్లను నింపుకుని ఉత్తరానికి తిరిగింది. వెనక సీట్లు పీకేసి అక్కడ వంటమనిషిని, గ్యాసు పొయ్యిని, బియ్యం మూటలను, ఊరిబిండి పచ్చడి డబ్బాను ప్రతిష్ఠించారు. గైడు మదనపల్లె కుర్రవాడు, ప్రవీణ్. మైకు చేతికి వస్తే మనిషి మారిపోయేవాడు. రామక్క పక్క సీటు గోవిందస్వామిది. కుప్పంలో హిందీ పంతులుగా రిటైరైన ఆయన, తన హిందీని హిందీ వాళ్లు ఎలా వింటారో చూడాలని జీవితమంతా ఎదురుచూసినవాడు.

చాలా దూరం పోయాక ఒకనాటి పొద్దున ప్రవీణ్ మైకు తీసుకున్నాడు.

"ప్రియమైన ప్రయాణికులారా, ఇంకొద్దిసేపట్లో మనం చిత్తోడ్ చేరుకోబోతున్నాము."

రామక్క లేచి నిలబడింది. "యాడికి?"

"చిత్తోడ్‌కమ్మా."

"ఏమప్పా ప్రవీణూ, చిత్తూరు సూపించేదానికా ఇన్ని రాష్ట్రాలు తిప్పినావు? పలమనేరు మింద బస్సెక్కింటే టిఫిను టయానికి దిగేసిందుము గదా!"

బస్సులో సగం మందికి అదే అనుమానం తగిలింది. డబ్బు వాపసు ఇమ్మని ఒక గొంతు లేచింది. ఇది రాజస్థాన్‌లోని వేరే చిత్తూరనీ, దీనికి కోట ఉందనీ గోవిందస్వామి నిలబడి పూచీ పడ్డాక గాని శాంతి నెలకొనలేదు. కోట మీద రామక్క ఆ గోడల పొడవునా నడిచి చూసింది.

"ఇంత గోడ కట్టినోళ్లు ఏమైపోయినారు?"

"యుద్ధాల్లో పోయినారమ్మా" అన్నాడు ప్రవీణ్.

"అమ్ముకోలేదు గదా?"

"ఛ, లేదు."

"అట్ల సెప్పు" అంది రామక్క, కోట నిర్వహణ పట్ల సంతృప్తి చెందినట్టు.

పర్వతాల ఘట్టం ఆబూ కొండ మీద జరిగింది. హార్సిలీ కొండ ఎక్కి దిగిన జనం కాబట్టి ఎవరూ తొందరపడి ఆశ్చర్యపోలేదు. కోతులూ అవే, మిరపకాయ బజ్జీలూ అవే, బి.కొత్తకోట మీద పోయుంటే మధ్యాహ్నం సంగటికి ఇల్లు చేరేవాళ్లమని బస్సు ఏకగ్రీవంగా తీర్మానించింది. రామక్కకు పర్వతాలతో పని లేదు. కొండ దిగేటప్పుడు, దిగాక, ప్రతి టీ కొట్టు దగ్గరా ఆమెది ఒకటే ప్రశ్న.

"ఎడారి ఎప్పుడొస్తాది?"

"వస్తుందమ్మా" అనేవాడు ప్రవీణ్, అది ఏదో రైలైనట్టు.

ఈలోగా ఊరిబిండి అయిపోయి, వంటమనిషి కన్ను ముత్యాలమ్మ టెంకాయ మీద పడింది. చట్నీకి ఇమ్మని రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడిగితే దేవతల సొత్తు తిన్నవాడి కడుపు ఏమవుతుందో రామక్క వివరంగా చెప్పింది. నాలుగోసారి అడగలేదు.

జైసల్మేరు దాటాక ఎడారి వచ్చింది.

అనుమానానికి చోటు లేకుండా వచ్చింది. కంటికి ఆనినంత మేరా ఇసుక, ఎవరో చేత్తో దువ్వినట్టు. రామక్క అంతవరకు లోలోపల ఒక ఆశ పెట్టుకుని ఉంది: తీరా చూస్తే ఎడారి కూడా మన మెట్ట లాంటిదే అయి ఉంటుందని, నాలుగు తుమ్మచెట్లు, నాలుగు రాతిగుండ్లు ఉంటాయని. ఇక్కడ గుండు లేదు. ప్రవీణ్ అందరితోపాటు ఆమెనూ ఒంటె ఎక్కించి ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. ఆమె ఒంటె దిగేలోపు ఆ ఫోటో చౌడేపల్లె దాటి దేవప్ప ఫోనులో కూర్చుంది.

రామక్క ఇసుకలో నిలబడింది. ఆడిన మాట ఆడింది. చూడాల్సింది చూసింది. ఇంక మిగిలింది సంతకం. ముందు టెంకాయ సంగతి చూద్దామని సంచి విప్పింది.

టెంకాయ కొట్టడానికి రాయి కావాలి. ఆమె పుట్టి పెరిగిన సీమలో మనిషి తట్టుకుని పడేది రాయి మీదే. ఇక్కడ ఎంత వెతికినా గోలీ కాయంత రాయి దొరకలేదు. టెంకాయ పట్టుకుని రాయి కోసం నడుస్తూ పోయింది. "అమ్మా, బస్సు పోతాదమ్మా!" అని రొప్పుతూ గోవిందస్వామి వెంటపడ్డాడు.

మిట్ట దిగితే మట్టి గోడల ఇళ్లు కనిపించాయి. ఒక దాని ముందు ముసుగు వేసుకున్న ఆడమనిషి తెల్లావు పాలు పితుకుతోంది. ఆవు పెద్దది. రామక్క ఆవులు నాలుగు కలిస్తే ఇదొక్కటి.

"రాయి ఉండాదేమో అడుగు సామీ."

గోవిందస్వామి తన జీవితాశయం నెరవేరే క్షణం వచ్చిందని గ్రహించి, గొంతు సవరించుకుని, పరీక్షల హిందీలో అడిగాడు. ఆమెకు సగం అర్థమైంది. రాయి దేనికని అడిగింది.

"ఎడారికి టెంకాయ కొట్టల్ల అని సెప్పు."

ఆయన చెప్పాడు. ఆమె పాలు పితకడం ఆపి ఇద్దరినీ తేరిపార చూసింది. తర్వాత అన్న మాట విని గోవిందస్వామి మొహం అదోలా అయింది.

"ఏమంటాది?"

"ఎడారి ఈడ యాడుండాది, ఇది మా ఊరు అంటాది."

"ఇంగోసారి అడుగు."

ఈసారి ఆమెకు కోపం వచ్చింది. ఆవును చూపించింది, గడ్డివామిని చూపించింది, బావిని చూపించింది. ఆ తర్వాత గడ్డం పైకెత్తి, పడమటి దిక్కుకు చెయ్యి విసిరి ఏదో అంది.

"ఎడారి అవతల ఉండాదంట" అన్నాడు గోవిందస్వామి.

ఆ గడ్డం ఎత్తిన తీరు రామక్కకు ఎంత నచ్చిందంటే, టెంకాయను తిరిగి సంచిలో పెట్టి ఆవు పొదుగు ఒకసారి నిమిరి మరీ వచ్చింది. బస్సు దగ్గర ప్రవీణ్‌ను అడిగింది.

"ఆ అవతలికి బస్సు పోతాదా?"

"అవతల బార్డరమ్మా. ఆపైన పాకిస్తాను. మన ప్యాకేజీలో లేదు."

ఊరు చేరిన మర్నాడు పెద్దమనుషులు మళ్లీ కూర్చున్నారు. బెంగుళూరు కారు చింతచెట్టు నీడన నిలబడి ఉంది. దేవప్ప ఫోను పైకెత్తి ఒంటె ఫోటో అందరికీ చూపించాడు.

"సూసొచ్చినావు గదా వదినా. మాటంటే మాటే. పెట్టు సంతకం."

"నేను సూడలా."

"ఒంటె మింద కూసోనుండావు గదా!"

"ఒంటె మిందుంటే ఎడారా? మదనపల్లె ఎగ్జిబిషన్లో నువ్వు ఎక్కలా? మదనపల్లె ఎడారా?"

పెద్దమనుషులు నవ్వు ఆపుకున్నారు. మదనపల్లె వైపు చుట్టరికం ఉన్నాయన ఒకరు ఆపుకోలేదు.

"ఇసకలో బతికే ఆయమ్మే అది ఎడారి కాదనె. మా ఊరు అనె. అవతల సూపించె" అంది రామక్క. "అంత ఇసకలో ఉండేటిదే తన నేలను ఎడారి అననిస్తాలేదు. రాళ్లలో గడ్డి మొలిచే నేలను మనం యాల అనల్ల?"

"సాక్ష్యమేంది?"

రామక్క సంచిలోంచి టెంకాయ తీసి అందరి మధ్యా పెట్టింది. అందరికంటే ముందు ముత్యాలమ్మ లేచింది.

"కొట్టలేదా మే?"

"కనపడింటే కొట్టకుండా వస్తానా అత్తా?"

ముత్యాలమ్మ టెంకాయను చెవి దగ్గర ఊపి చూసి, సభ వైపు తిరిగింది. "మొక్కు టెంకాయ ఎవురన్నా మళ్లీ ఇంటికి తెస్తారా? ఎడారి కనపడలా. నిజమే."

పెద్దమనుషులు అది ధర్మమేనన్నారు. దేవప్ప మాత్రం తెలివైనవాడు. గొంతు మెత్తగా చేసుకున్నాడు.

"పాపం, ముత్యాలమ్మత్త మోకాళ్లు. మొక్కు బాకీ పెట్టకూడదు వదినా. మన సేన్లోనే కొట్టేయి."

రామక్క టెంకాయ అందుకుంది. రెండడుగులు వేసింది. ఆగింది.

"ఎడారికి మొక్కిన టెంకాయ ఈడ కొడితే, ఇదే ఎడారి అని నేను ఒప్పుకున్నట్లు గదా అప్పా?"

నల్లప్ప తల ఊపి, "అవును గదా" అన్నాడు. చివర మాట్లాడింది రామక్కే కాబట్టి.

"అయితే ఎప్పుడు సూస్తావు ఆ ఎడారి?" అన్నాడు దేవప్ప, ఓడిపోయిన గొంతుతో.

"అవతలికి పోవల్లంటే పాస్‌పోర్టు కావల్లంట. నువ్వు సదువుకున్నోడివి, ఆన్‌లైన్లో పెట్టించు. వచ్చిన మర్నాడే పోయి సూసొస్తా."

చింతచెట్టు కింది కారు స్టార్టు అయింది. రామక్క టెంకాయను ఉట్టిలో పెట్టి, ఆవులను విప్పి మెట్ట మీదికి తోలింది.

ఆ టెంకాయ ఇప్పటికీ అక్కడే ఉంది. ఊపితే ఇప్పుడు నీళ్ల చప్పుడు రాదు, ఎండిన కొబ్బరి గుడక చప్పుడు వస్తుంది. ముత్యాలమ్మ మోకాళ్లు అట్లాగే ఉన్నాయి గాని, ఆమె తొందరపెట్టడం లేదు. దేవప్ప ఇంటికి వచ్చినప్పుడల్లా రామక్క మజ్జిగ చెంబు చేతికిచ్చి ఎంతో ఆప్యాయంగా అడుగుతుంది.

"పాస్‌పోర్టు ఏమైందప్పా?"