చిట్టి నారింజ తొలికాపు

చిట్టి నారింజ ఆకు నలిపితే వచ్చే ఘాటు ఇవాళ పొద్దున కూడా నా వేళ్ళకు పట్టుకుంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు సుభద్రమ్మ గారు గుర్తొస్తారు. డెబ్భైల చివర్లో కడియం పక్కన ఆవిడ ఒంటిచేత్తో నర్సరీ నడిపేవారు. మొక్క అసలు పేరు కుంక్వాట్. అది నోరు తిరగక మేమంతా చిట్టి నారింజ అనేవాళ్ళం. మోకాలెత్తు మొక్క, ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. ఉసిరికాయంత పండ్లు, తొక్కతో సహా తినాలి.

ఆ రోజుల్లో కుండీలకు మట్టి ఎత్తడం, నీళ్ళు మోయడం ఆడవాళ్ళ పని, అంటు కట్టడం మగవాళ్ళది. "ఆడదాని చేతి అంటు అతకదండి" అని మేస్త్రీ వీర్రాజు గారు తేల్చేశారు. సుభద్రమ్మ గారు వింటేనా! నీళ్ళు మోస్తున్న నన్ను పిలిచి అంటుకత్తి ఇచ్చారు. "పన్నెండు కట్టవే. ఈ పని నీకిచ్చేదీ లేందీ కాపు చూశాక చెబుతాను" అన్నారు. అంతవరకూ నా చంకలోంచి బిందె దిగలేదు.

పన్నెండూ బతికాయి. మరుసటి ఏడాది ఆకు కనపడకుండా కాశాయి. నా కాళ్ళు నేల మీద నిలవలేదు. అప్పుడే రాజమండ్రి నుంచి ఒకాయన కారులో వచ్చి, గృహప్రవేశానికి పన్నెండూ కాయలతో సహా కావాలన్నారు. ఒక పండు తొక్క ఒలిచి పారేసి, లోపలిది నోట్లో వేసుకుని మొహం చిట్లించారు.

"తీపంతా పారేశారు కదండీ!" అని నవ్వి, సుభద్రమ్మ గారు నా వైపు తిరిగారు. "తొలికాపు. వేరింకా నిలదొక్కుకోలేదు. ఇలాగే పంపిద్దామా? కట్టింది నువ్వు, నువ్వే చెప్పు."

కాయలు ఉంచితే ఆ లేత మొక్కలు ఎండాకాలం దాటవని నాకు తెలుసు. కోస్తే బేరం పోతుందనీ తెలుసు. వీర్రాజు గారు చుట్ట పక్కన పెట్టి మరీ చూస్తున్నారు. ఏడుపొచ్చింది. అయినా పన్నెండు మొక్కల కాయలూ కోసి కొంగులో పోసుకున్నాను.

"కాయలు లేకపోతే నాకెందుకండీ?" అంటూ ఆయన కారెక్కారు.

"మంచి బేరం చెడగొట్టింది" అని వీర్రాజు గారు గొణిగారు.

"అంటు ఎవరైనా కడతారు వీర్రాజూ. సొంత మొక్క కాయ కోయడం నీ వల్ల అవుద్దా? రేపట్నుంచి ఈ పిల్ల అంట్లే కడుతుంది" అన్నారావిడ.

ఇప్పుడు నా నర్సరీలో అంట్లు కట్టేది తొమ్మిదిమంది ఆడవాళ్ళు. గొప్పలు పోతున్నాననుకున్నా సరే, గొప్పగానే చెబుతున్నాను. కొత్తగా చేరిన ప్రతి పిల్లనీ తన మొదటి మొక్క తొలికాపు తన చేత్తోనే కోయమంటాను. కోసేటప్పుడు వాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. నేను ఓదార్చను. కోయడం అయ్యాక అంటుకత్తి తీసి చేతికిస్తాను.