ఎండాకాలంలో ఇంగ్లీషు బతుకమ్మ

"పసుపు ముద్దను మనిషిని జేసినమంటవా? ఎవరు నేర్పిండ్రురా నీకీ మాటలు?" అని అడుగుతోంది నాయనమ్మ, ఊడుస్తున్న చీపురు పైకెత్తి.

"నేనంటలేనమ్మా, బుక్కంటున్నది. పానం లేనిదాన్ని మనిషి లెక్క జేసి చెప్పుడు. గౌరమ్మ గూడ గంతేగద..."

"గంతేనా? గౌరమ్మ గంతేనా? నీ ఇంతిహాను మన్నుగాను! కాముని పున్నం గూడ రాలే, బతుకమ్మ పాట ఎత్తుకుంటివి. మొగోనివయ్యుండి చప్పట్లు గొడ్తివి. ఇగ అమ్మోరిని దీస్కపోయి ఇంగ్లీషు బుక్కుల కూసోబెడ్తివా? ఇంట్ల పిల్లజెల్ల ఉన్నరు, జర భయముండాలె!"

"ఈసారి తప్పితే బాపు బండలు గొట్టనీకి తోలుతనన్నడు. నాకు భయం లేదానె?"

ఆ పిల్లజెల్లలో పిల్లను నేనే. తలుపు వెనుక దాక్కుని వింటున్నాను. తిట్లు తింటున్నది మా చిన్నాయన, అంటే మా నాన్న తమ్ముడు. మర్నాడు మధ్యాహ్నం పట్నంలో ఆయనకు మెట్రిక్ ఇంగ్లీషు పరీక్ష, నాయనమ్మ అన్న ఇంతిహాను అదే. ఒకసారి అందులోనే తప్పాడు.

ఆ రోజుల్లో మా ఇంట్లో అన్నిటికీ పొదుపే, ఒక్క భయానికి తప్ప. దీపంలో నూనె చుక్కలుగా పోసేవాళ్ళు, బెల్లం గోరంత గిల్లి పెట్టేవాళ్ళు. భయం మాత్రం ఎవరికి కావలసినంత వాళ్ళకు దొరికేది. తాతంటే భయం, చీకటంటే భయం, దుమ్ము రేపుకుంటూ పోయే గుర్రాల జవాన్లంటే భయం (ఆ ఏళ్ళలో పెద్దవాళ్ళు కూడా గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు). ఇప్పుడు అద్దాల మేడల్లో పిల్లలు రాత్రింబవళ్ళు ఇంగ్లీషు మాట్లాడుతున్న ఈ చోటే అప్పుడు బండలు, సీతాఫలం పొదలు, జొన్నచేలు. ఊరు మొత్తానికి ఇంగ్లీషు పలికే గొంతు మా చిన్నాయనదొక్కటే. అదీ నత్తినత్తిగా.

సెలవుల్లో ఇంటికొచ్చి ఆయన పెద్దబండ మీద కూర్చుని పద్యం బట్టీ పట్టేవాడు. ఎవరో దొర రాసినది, సముద్రంలో దారి తప్పిన పడవ గురించి. సముద్రం ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు. నేను మజ్జిగ పట్టుకుపోతే పుస్తకం నా చేతికిచ్చి "తప్పులు చూడు" అనేవాడు. రెండు జమాతులు చదివి మానేసిన నేను ఇంగ్లీషులో తప్పులు చూడటం! అయినా ముఖం గంభీరంగా పెట్టుకుని పేజీ వైపే చూసేదాన్ని. పద్యంతోపాటు అందులోని అలంకారాలు కూడా చెప్పాలట. 'లెక్క' అని, అంటే 'లాగా' అని పోలిస్తే సిమిలీ. ప్రాణం లేనిదాన్ని మనిషిని చేస్తే పర్సానిఫికేషన్. ఎదురుగా లేనివాళ్ళను పిలిచి మాట్లాడితే అపాస్ట్రఫీ. (చిన్నాయన పోయి చాలా కాలమైంది. కూర తరుగుతూ నేను "అంతేనా చిన్నాయనా?" అంటే మా మనవరాలు "ఎవరితోని మాట్లాడుతున్నవ్ నానమ్మా?" అని హడలిపోతుంది. అపాస్ట్రఫీలే పో, అంటాను.)

అలంకారాలు వచ్చాయి గాని పద్యం రాలేదు. నాలుగో పాదం దగ్గర పడవతోపాటు ఆయనా మునిగేవాడు. ఒకనాడు నేను గిన్నెలు తోముతూ, విని విని చెవుల్లో మిగిలిపోయిన ఆ ముక్కలనే నాకు తెలిసిన ఒకే ఒక్క వరుసలో, బతుకమ్మ వరుసలో పాడుకుంటున్నాను. "ది బోట్ ఈజ్ లాస్ట్ ఉయ్యాలో, ది విండ్ ఈజ్ కోల్డ్ ఉయ్యాలో." చిన్నాయన ఉరికొచ్చి, "మళ్ళ అను పిల్లా, మళ్ళ అను!" అన్నాడు. మళ్ళీ అన్నాను. ఆయన నా వెనుక వంగి, చప్పట్లు కొడుతూ, నీళ్ళ కాగు చుట్టూ తిరిగాడు. పద్యం గడగడా వచ్చేసింది. అప్పటినుంచి మా ఇద్దరిదీ అదే చదువు. పరీక్ష ముందురోజు నాయనమ్మ పొలంనుంచి పెందలాడే వచ్చి మమ్మల్ని పట్టుకునేదాకా సాగింది.

ఆ జగడమైన సాయంత్రానికే చిన్నాయన ఒళ్ళు పెనంలా కాలింది. తలమీద తువ్వాలైనా లేకుండా దినమంతా ఎండలో బండ మీద కూర్చుంటే కాలదా, అని ఇప్పుడంటాను. అప్పుడు మాత్రం, పాట ముందు ఎత్తుకున్నది నేనే గదా అని మళ్ళీ తలుపు వెనక్కే పోయాను. నాయనమ్మ విభూది పెట్టి, "చూస్తివా? కాలంగాని కాలంల, బతుకమ్మ లేకుంట పాడితే గౌరమ్మ ఊకుంటదా? ఇగ ఆ పాట నోట్లెకు రానీయనని ఒట్టువెయ్యి" అంది. జ్వరంలోనే ఒట్టు వేశాడు. వేశాక, వరుస లేకుండా పద్యం చెప్పబోతే ఒక్క ముక్క రాలేదు. నోరు తెరవడం, మూయడం. చెరువులోంచి తీసిన చేపలా (సిమిలీ).

వాకిట్లో మంచం మీదినుంచి తాత గొంతు వచ్చింది. "పొద్దుగాల బండి గడ్తున్న. పట్నమన్న వోవాలె, బండల కాడికన్న వోవాలె. ఎటన్నది వాడే జెప్పాలె."

దుప్పటి ముసుగులో నేను గౌరమ్మతో బేరం పెట్టుకున్నాను. కాముని పున్నానికి రంగు చేసుకుందామని గుట్టంతా తిరిగి ఏరిన మోదుగుపూలు నా దగ్గర గంపెడున్నాయి. చిన్నాయనను విడిచిపెడితే అందులో సగం ఇస్తానన్నాను. ఆయన మూలుగు వినబడింది. ముప్పాతిక అన్నాను. అంతకు మించి నోరు రాలేదు.

పొద్దున లేచి చూస్తే గంప లేదు. వాకిట్లో నాయనమ్మ తాంబాళం ముందు కూర్చుని నా పూలన్నీ వరసలు వరసలుగా పేరుస్తోంది. నిప్పుల కుప్పలా ఉంది ఆ బతుకమ్మ. పైన పసుపు గౌరమ్మను నిలబెడుతూ, మా అమ్మను చూసి, "పాడిన పాట మళ్ళ కడుపులకు వోతదా? బతుకమ్మ లేకుంట పాడుడే తప్పు. ఉంటే తప్పెట్లయితది? వాని ఒట్టు దీసి గట్టు మీద వెట్టిన. పక్కింటామెను గూడ పిలువు" అంది. అప్పటికి చిన్నాయన ఒళ్ళు చల్లబడింది, ముఖం మాత్రం సున్నం కొట్టినట్టుంది.

"నువ్వెత్తుకోవే," అంది నాయనమ్మ నాతో. ఎత్తుకున్నాను. "ఉయ్యాలో" దగ్గర ముగ్గురు ఆడవాళ్ళూ అందుకున్నారు. పడవ మునిగే చోట మా అమ్మ, అర్థం తెలియకపోయినా, అలవాటుగా కొంగుతో కళ్ళొత్తుకుంది. చిన్నాయన మా వెనకే వంగి, చప్పట్లు కొడుతూ తిరిగాడు. నాలుగో పాదం దాటాడు. చివరిదాకా పోయాడు. ఎడ్లను పట్టుకుని నిలబడ్డ తాత మాత్రం ఆకాశం వైపు చూశాడు.

(ఆ పద్యమే వచ్చిందట. పాదానికొకసారి కలం ఆపి బల్ల కింద మెల్లగా చప్పట్లు కొట్టుకుంటుంటే కాపలా ఉన్న పంతులు, దోమలా అని అడిగాడట. పాసయ్యాడు. బండలు అట్లాగే మిగిలాయి, తరవాతెప్పుడో ఎవరో పేల్చేదాకా.)

బండి కదిలింది. నాయనమ్మ బతుకమ్మను కుంటలో విడిచి, కళ్ళు మూసుకుని దండం పెట్టి, వెనక్కి చూడకుండా ఇంటికి నడిచింది. నేను ఆగాను. మాట ప్రకారం గౌరమ్మకు ముప్పాతికే. మోకాలిలోతు నీళ్ళలోకి దిగి, నా పావువంతు పూలు ఒడిలోకి ఏరుకున్నాను. పసుపు ముద్ద తేలుతూ దగ్గరికొస్తే మాత్రం, పూలతో సహా ఒడ్డుకు ఉరికాను.