పసుపు కాగితం కింది అక్షరాలు

తొర్రూరు బడిలో నేను తెలుగు చెప్పే రోజుల్లో, ఏడో తరగతిలో ఒక తండా పిల్ల ఉండేది. చదవమంటే ముందు అరచేత్తో పేజీని రెండుసార్లు నిమిరేది, బెదిరిన మేకపిల్లను ఊరడించినట్టు. "అక్షరాలు కుదురుగ ఉంటలేవు సార్" అనేది.

దీన్ని డిస్లెక్సియా అంటారనీ, పేజీ మీద అక్షరాలు కనిపించేంత పల్చటి రంగు కాగితం పరిస్తే చదవగలరనీ ఎక్కడో చదివి, పసుపు రంగు ప్లాస్టిక్ కాగితం తెచ్చిచ్చాను. వారం తిరక్కుండానే పాఠమంతా గడగడా చదివేసింది. నేను పొంగిపోయి స్టాఫ్ రూములో అందరికీ చెప్పుకున్నాను.

అంతలో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. పంతుళ్లమంతా బడి మూసి రోడ్డు మీద కూర్చున్నాం. మళ్లీ తెరిచిన రోజు ఆమెకు కొత్త పాఠం ఇచ్చాను. కాగితం పరిచి, నిమిరి, మొదటి మాట దగ్గరే ఆగిపోయింది.

"మరి అప్పుడెట్ల చదివినవే?"

"నా దోస్తు చదువుతుంటె ఇని యాది పెట్టుకున్న సార్. మీరు సంబురపడ్డరని చెప్పలే." కాగితాన్ని నా బల్ల మీద పెట్టింది. "మీ కాయితం మంచిదే సార్. నేనే మొద్దుదాన్ని."

మర్నాటి నుంచి రాలేదు. వరంగల్‌లో ఒక డాక్టరమ్మను అడిగితే, రంగు కాగితాలు పనిచేస్తాయనడానికి గట్టి ఆధారం లేదనీ, ఒక్కో అక్షరాన్నీ దాని శబ్దంతో కలిపి ఓపిగ్గా నేర్పాలనీ చెప్పింది. ఆ సంగతి చెప్పడానికి తండాకు వెళ్లాను. అప్పటికే ఇంటివాళ్లతో ఖమ్మం వైపు పత్తి ఏరడానికి పోయిందట.

"మీరు పరేషాన్ గాకుండ్రి సారూ," అంది పక్కింటి అవ్వ. "తనకు చదువు రాదని అదే అందరికి చెప్పి పోయింది."