నౌకరీ లేదని చెప్పిన పూట

నా నోటితో నేనే నా పెళ్లి చెడగొట్టుకున్న ముచ్చట చెబుతాను. నవ్వుకోండి, ఫర్వాలేదు. మా యాకుత్‌పురా గల్లీ అంతా ఎప్పుడో నవ్వేసింది, మిగిలింది మీరే.

మా ఆఫీసులో ఒక రూలుంది. ఉత్త డిగ్రీ అయితే రోజూ ఆఫీసుకి రావాలి, పీజీ ఉంటే ఇంటి నుంచే పని చేసుకోవచ్చు. ఆ సుఖం కోసం కిందామీదా పడి దూరవిద్యలో ఎంబీయే గట్టెక్కాను. ఇక పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ, ఒళ్లో ల్యాప్‌టాప్!

మా బాబాయి కొడుకు శీను నా ఈడువాడే, అందరం ఒకే ఇంట్లో ఉంటాం. ఇంటర్ తప్పి చార్మినార్ దగ్గర గాజుల దుకాణంలో చేరాడు. ఇంట్లో కూర్చుని ఊళ్లోవాళ్లకు గాజులు తొడగలేడు కాబట్టి, రోజూ నున్నగా తల దువ్వి టిఫిన్ డబ్బాతో బయలుదేరేవాడు. పాపం, చదువుకోలేదు కదా అని జాలిపడేవాణ్ని.

ఇంట్లో నా వైభోగం వినండి. "ఖాళీగనే ఉన్నవ్ గదరా, గ్యాస్ బండ వస్తది, చూడు" అని అమ్మ. "జర పప్పు దించు బిడ్డా" అని పిన్ని. వీళ్లు చాలరన్నట్టు సంచీలతో తలుపు కొట్టే క్రెడిట్ కార్డులు అమ్మేవాళ్లు. వాళ్లకు మాత్రం ఒక మంత్రం కనిపెట్టాను: "నాకు నౌకరీ లేదు." వినగానే మాయమయ్యేవారు.

అప్పుడే మా మేనత్త నాకు మంజుల అనే పిల్ల సంబంధం తెచ్చింది. ఫొటో చూసిన రోజు నుంచి మీటింగుల్లో బాసు ఏం చెప్పాడో నాకు తెలియదు.

"పిల్ల తండ్రి మస్తు ఆరా తీస్తడు. డ్యూటీకి పోయే పిల్లగాడే గావాల్నంటుండు" అంది అత్త.

"నాకేం ఫికర్ అత్తా!" అన్నాను.

ఒకరోజు మీటింగు మధ్యలో ఎవరో తలుపు కొట్టారు. చంకలో తోలుసంచీతో ఒక పెద్దమనిషి. నా లుంగీ వైపు చూశాడు.

"ఏం బాబూ, డ్యూటీకి పోలేదా?"

సంచీ చూడగానే అర్థమైపోయింది, కార్డులవాడే.

"నాకు నౌకరీ లేదన్నా."

"అయ్యో! ఏం చదివినవ్?"

"ఎంబీయే."

"గంత చదివి ఇంట్లనే కూసున్నవా?"

"గంత చదివినందుకే కూసున్న!"

పాపం, ఆయన కళ్లలో నీళ్లొక్కటే తక్కువ. అయినా కదలడే! "ఇంట్ల నౌకరీ చేసేటోళ్లు ఇంకెవ్వరు లేరా?"

"మా శీనుగాడున్నడు. పొద్దుమీకి రాండ్రి, దొరుకుతడు. మస్తు మంచోడు, దేన్నీ కాదనడు."

ఆ చివరి ముక్క నన్నెవరడిగారు చెప్పండి?

సాయంత్రం ఆయన రానే వచ్చాడు, వెంట మా మేనత్త. టిఫిన్ డబ్బాతో అప్పుడే గడప దాటుతున్న శీనుని చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. ఆయన మంజుల తండ్రి! ల్యాప్‌టాప్ ఎత్తుకుని పరిగెత్తాను.

"నాకు నౌకరీ ఉంది మామా! ఇంట్ల కూసునే చేస్త!"

"పొద్దుగాల నువ్వే గదా లేదన్నవ్," అని ఆయన నా భుజం తట్టాడు. "ఫికర్ చేయకు బిడ్డా, దొరుకుతది."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు మతితోపాటు మంజుల కూడా పోయింది. శీను పెళ్లిలో, ఖాళీగా ఉన్నానని వడ్డన నాకే అప్పగించారు. లడ్డూలు వడ్డిస్తుంటే నిజంగానే ఏడుపొచ్చింది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే మంజుల వాడికి డబ్బా కట్టి సాగనంపి, నా వైపు తిరుగుతుంది.

"బావా, మీరెట్లాగు ఖాళీనే గదా, జర పాలు పొంగకుండ చూడుండ్రి."

ఆ పాలగిన్నె సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో తలుపు కొట్టిన ఏ మనిషికీ నౌకరీ లేదని చెప్పను. మొన్న ఒకాయన సంచీతో వస్తే మాట తప్పలేదు, లోపలికి పిలిచి కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి మరీ ఉందని చెప్పాను.

ఆయన నిజంగానే కార్డులవాడు.