పిన్ని మానేసినవన్నీ

నా చిన్నప్పుడు పటమటలో మా ఇంట్లో అందరి కళ్లూ పిన్ని మీదే ఉండేవి. పిన్ని అంటే మా బాబాయి భార్య, పామర్రు నుంచి కాపురానికి వచ్చిన మనిషి. మూడుసార్లు నెల తప్పింది, మూడుసార్లూ కడుపు నిలవలేదు. పోయిన ప్రతిసారీ మా నాయనమ్మ ఒక కారణం కనిపెట్టేది. మొదట బొప్పాయి ముక్క, తర్వాత పామర్రు బస్సు కుదుపులు, ఆ తర్వాత మేడమెట్లు. పిన్ని నోరెత్తకుండా ఒక్కొక్కటే మానేసింది. చివరికి ఆదివారం చర్చికి రావడమూ మానేసింది. అక్కడ పక్కన కూర్చున్నవాళ్లు 'ఏం తిన్నావమ్మా' అని అడగకుండా ఊరుకోరు కదా. మా పేటలో దేనికి కరువున్నా సలహాలకు లేదు.

మూడోది కూడా పోయాక బాబాయి బెంజ్ సర్కిల్ దగ్గర ఒక డాక్టరమ్మకు చూపించాడు. ఆవిడ ఇద్దరికీ పరీక్షలు రాసింది. "మావాడికెందుకంట?" అని నాయనమ్మ గొణిగింది. థైరాయిడ్, షుగరు, రక్తం గడ్డకట్టే తీరు, గర్భసంచి ఆకారం, ఇద్దరి క్రోమోజోములు, అన్నీ చూశారు. కొందరికి వీటిలో ఏదో ఒకటి కారణమవుతుందట. పిన్ని విషయంలో ఏదీ తేలలేదు. చాలామందికి ఇలాగే కారణం దొరకదనీ, బొప్పాయి ముక్కకూ బస్సు ప్రయాణానికీ బిడ్డ పోదనీ, ఆమె తప్పేమీ లేదనీ చెప్పి పంపింది డాక్టరమ్మ.

మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. పిన్ని మాత్రం వంటింటి గడప దగ్గర కూలబడి ఏడ్చింది.

"కారణం లేదంటే ఇంకేం మానెయ్యాలత్తయ్యా? ఏదో ఒకటి మానేస్తే నిలబడుద్దనేగా ఇన్నాళ్లూ..."

నాయనమ్మ గరిటె పక్కన పెట్టి ఆమె దగ్గర కూర్చుంది. మా నాన్న పుట్టకముందు తనకూ ఇద్దరు అలాగే పోయారని అప్పుడు చెప్పింది. ఆ సంగతి మా నాన్నకే తెలియదు.

"నేనూ ఏం తిన్లేదమ్మా, ఏం చెయ్యలేదు. మా అత్త నన్నాడిపోసుకుంది, నేను నిన్నాడిపోసుకున్నా. నీ తప్పు కాదే అని నాకెవరూ చెప్పలా."

పిన్ని తల ఒళ్లో పెట్టుకుని పెద్దావిడ వెక్కివెక్కి ఏడ్చింది. అంత నోరున్న మనిషి లోపల అంత దుఃఖం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఇద్దర్నీ చూసి నేనూ ఏడ్చాను.

పిన్నికి ఇక పిల్లలు పుట్టలేదు. నాయనమ్మ మళ్లీ ఏ ఆడపిల్లనూ ఏం తిన్నావని అడగలేదు.

పెళ్లయ్యాక నాకూ ఒకసారి కడుపు పోయింది. ఆస్పత్రి మంచం మీద పడుకుని నేనేం చేశానా అని వెతుక్కుంటూ ఉంటే పిన్ని వచ్చింది. చేతిలో సంచి కూడా కింద పెట్టకుండా, "నువ్వేం చెయ్యలేదే" అంది. ఏ ఇంట్లో ఇలాంటి కబురు విన్నా ఇప్పటికీ ముందు వెళ్లి నేను చెప్పేది ఆ మాటే. మరి ఎందుకు పోయిందని వాళ్లు అడిగితే, నాకూ తెలియదనే చెబుతాను. పక్కన కూర్చుంటాను.