మా అత్త మానుకున్న తిండి

కడప నుంచి పళ్ల డాక్టరమ్మ వచ్చేసరికి నేను మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాను. బద్వేలు దారిలో ఉన్న నేతగాళ్ల పల్లె మాది. మా ఊళ్లో ఎవరికి ఏ పళ్ల బాధలున్నాయో, వైద్యానికి ఎందుకు రావడం లేదో తెలుసుకోవాలని ఆమె కాలేజీవాళ్లు అనుకున్నారట. అడగాల్సిన ప్రశ్నలు కూడా మాతో కలిసే తయారు చేస్తారట. ఇంటరు దాకా చదివానని నన్నూ పిలిచారు.

బడి వరండాలో ఐదారుగురు ఆడవాళ్లం కూర్చున్నాం. మొదటి ప్రశ్న, పళ్ల డాక్టరు దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లారని. ఊరంతా పోలేదనే చెబుతుంది, దాంతో మీకేం తెలుస్తుందన్నాను. మరి ఏమడగాలని డాక్టరమ్మ నన్నే అడిగింది. భయం వేసింది. అయినా, ఏం తినడం మానుకున్నారని అడగమన్నాను. ఆమె పాత ప్రశ్న కొట్టేసి, నా మాట నా మాటగానే రాసుకుంది. నేను చెప్పింది ఒకరు రాసుకోవడం నాకదే మొదటిసారి.

ముందు మీ ఇళ్లలో అడిగి చూడమని కాగితాలిచ్చారు. ఇంటికొచ్చేసరికి మా అత్త రాట్నం దగ్గర నూలు కండెలు చుడుతోంది. పద్దెనిమిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం, ఈమెను కొత్తగా అడిగేదేముందిలే అనుకుంటూనే పెన్ను తీశాను.

"ఏం తినేది ఇడిసిపెట్టినావత్తా?"

"శెనిక్కాయలు. నానబెట్టకుండా జొన్నరొట్టె" అంది, రాట్నం ఆపకుండానే.

రెండేళ్లుగా ఆమె రొట్టెను పులుసులో నానబెట్టుకుని తింటుంటే, నా చేతి వంట నచ్చడం లేదనుకున్నాను. ఒకసారి మా ఆయన దగ్గర ఏడ్చాను కూడా.

"నొస్తాంటే నాకేంటికి చెప్పలేదు?"

"చెప్తే మగ్గం ఆపి నన్ను కడపకు తోడుకొని పోతావు. ఎప్పుడు చూసినా మగ్గం మీద చీర సగంలోనే ఉంటాది."

రాట్నం పక్కకు జరిపి, ఆమె నోరు తెరిపించి చూశాను. కింద మూడు పళ్లు కదులుతున్నాయి. పిల్లల నోళ్లు ఎన్నిసార్లో చూశాను గానీ, ఆమెది ఎప్పుడూ చూడలేదు.

తర్వాతి సమావేశంలో అందరి కాగితాల్లోనూ దాదాపు ఇదే మాట. పళ్ల నొప్పికని మగ్గం ఆపలేరు. మీ మగ్గాలు ఏ రోజు ఆగుతాయని డాక్టర్లు అడిగారు. అమావాస్య అన్నాం. ఆ అమావాస్యకే బండిలో కుర్చీ, సామాన్లు వేసుకుని మా ఊళ్లోకే వచ్చారు.

మా అత్త నా మణికట్టు పట్టుకునే కుర్చీలో కూర్చుంది. మూడు పళ్లూ తీసేదాకా వదల్లేదు. ఇంటికి వచ్చాక అంబలి చల్లార్చి తాగిస్తే, చిన్నపిల్లలా తాగి పడుకుంది.

రెండు రోజులకు బుగ్గ వాపు తగ్గింది. నేను ప్రశ్నల కాగితాలతో మిగిలిన ఇళ్లకు బయలుదేరుతుంటే తనూ చెప్పులేసుకుంది.

"ముసిలోళ్లు నీకు నిజం చెప్పరు. నేనడుగుతా, నువ్వు రాసుకో పా" అంది.

ఆ వారమంతా ఆమె ముందు నడిచింది, నేను వెనక.